కేలరీలు లెక్క ప్రకారమే తింటున్నా, రాత్రి పదకొండింటికి తింటే బరువు తగ్గరా?

గట్టుమీద_షెడ్డు
శ్రావణం నుంచి కేలరీలు లెక్కపెట్టుకుని తింటున్నాను. ఫోన్‌లో యాప్ పెట్టుకున్నాను, రోజుకి 1700 దాటనివ్వడం లేదు. ఎత్తు అయిదడుగుల ఎనిమిది, బరువు 92. మొదట్లో గబగబా మూడు కేజీలు తగ్గాను. దసరా ముందు నుంచి ముల్లు కదలడం లేదు.

నా పని రొయ్యల చెరువుల దగ్గర. సాయంత్రం మేత వేయించి, చెక్ ట్రేలు (మేత మిగిలిందో లేదో తెలిపే పళ్ళేలు) చూసి, నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుని ఇంటికి చేరేసరికి పది దాటుతుంది. స్నానం చేసి కంచం ముందు కూర్చునేసరికి పదకొండు. మా ఆవిడ, మా వదిన, ఆఖరికి కిరాణా కొట్టాయన కూడా ఒకటే మాట. ఏడింటి లోపు తినకపోతే ఎన్ని లెక్కలు రాసినా దండగేనట, రాత్రి తిన్నదంతా కొవ్వు కట్టేస్తుందట. 600 కేలరీల భోజనం ఏడింటికి తిన్నా పదకొండింటికి తిన్నా 600 కాదా? పొట్టకి గడియారం ఉంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి. పని మానేసి ఏడింటికి తినమనే సలహా మాత్రం వద్దు.

రావులపాలెం_గెల
పొట్టకి లేదండి గడియారం. మీ వదినగారికి ఉంది.

జిమ్_జగ్గంపేట
టైంతో పని లేదన్నా. తిన్నది ఖర్చయినదాని కంటే తక్కువైతే తగ్గుతావు. తగ్గడం లేదంటే తక్కువ తినడం లేదన్నమాట. అంతే.

కాలువకింద_పొలం
అంత తేలిగ్గా అంతే అనెయ్యకు తమ్ముడూ. మా నాన్నగారు దీపాలు పెట్టే వేళకి కంచం కడిగేసేవారు. ఎనభై దాటినా పొట్ట లేదాయనకి. మా ఇంట్లో పంచె బొడ్డు కిందకి జారిన మగాడు ఆయన తర్వాతే మొదలయ్యాడు.

నర్సాపురం_లేసు
నాన్నగారు దీపాల వేళకి తిన్నారు సరే, పొద్దున్నుంచి అప్పటిదాకా ఏం చేసేవారో కూడా రాయండి బాబాయ్ గారూ.

కాలువకింద_పొలం
ఏం చేస్తారమ్మా, వ్యవసాయం. ఊడ్పులు, కోతలు, కుప్పనూర్పులు, మధ్యలో సైకిలు మీద పాలకొల్లు. నువ్వేం అనబోతున్నావో తెలుసు. కానీ మా చిన్నాన్న కూడా అదే పొలంలో అదే పని చేశాడు. రెండో ఆట సినిమా చూసొచ్చి తినేవాడు. ఆయనకి పొట్ట వచ్చింది. దీనికేమంటావు?

రావులపాలెం_గెల
ఇంటర్వెల్‌లో ఏం తినేవారో కనుక్కోండి.

తాటిముంజె
పెద్దవాళ్ళు ఊరికే చెప్పలేదండి. సూర్యుడు ఉండగానే తినాలి, అస్తమించాక జఠరాగ్ని తగ్గిపోతుంది. జైనులు ఇప్పటికీ అలాగే తింటారు.

నర్సాపురం_లేసు
కార్తీక సోమవారం పగలంతా ఉపవాసం ఉండి, నక్షత్రం చూశాకే తినమన్నదీ ఆ పెద్దవాళ్ళే కదండీ. ఆ రోజు జఠరాగ్నికి ఓవర్‌టైమా?

పాలకొల్లు_టైలర్
ఈ నక్షత్రం మాటకి నాదో సంగతి. రంజాన్ నెలంతా మేం తినేది చీకట్లోనే. తెల్లారకముందు సహరీ, పొద్దుగుంకాక ఇఫ్తార్. టైంటేబుల్ ఏ ఏడైనా ఒకటే. కొన్నేళ్ళు నెలాఖరుకి నా ప్యాంట్లు నేనే లోపలికి కుట్టుకున్నాను, కొన్నేళ్ళు విప్పి వదులు చేసుకున్నాను. వదులు చేసుకున్న ఏడు ఎవరింటికి పిలిస్తే వాళ్ళింటికి వెళ్ళి సమోసాలు, ఫిర్నీ లాగించాను. టైం మారలేదు, ప్లేటు మారింది. నాకు తెలిసింది ఇంతే.

జిమ్_జగ్గంపేట
టైలర్ అన్న ఒక్క పోస్టులో తేల్చేశాడు.

లెక్కల_మాస్టారు_తణుకు
తేలలేదు. టైలర్ గారు చెప్పింది బాగుంది గానీ, దాంతో వదినగారి మాట పూర్తిగా కొట్టుకుపోదు. దీని మీద మంచి పరీక్షలే జరిగాయి, చదివినవి చెబుతాను. కాస్త పొడుగవుతుంది.

చైనాలో గ్వాంగ్‌జౌ నగరంలో ఊబకాయం ఉన్న 139 మందిని ఏడాది పాటు చూశారు. అందరికీ తిండి తగ్గించారు. మగవాళ్ళకి రోజుకి 1500 నుంచి 1800, ఆడవాళ్ళకి 1200 నుంచి 1500 కేలరీలు. సగం మందికి ఇంకో షరతు కూడా పెట్టారు. పొద్దున్న ఎనిమిదికీ సాయంత్రం నాలుగుకీ మధ్యే తినాలి. ఏడాదయ్యాక షరతు ఉన్నవాళ్ళు సగటున 8 కేజీలు, లేనివాళ్ళు 6.3 కేజీలు తగ్గారు. చూస్తే తేడా ఉన్నట్టే ఉంది గానీ, మనిషికీ మనిషికీ ఉండే హెచ్చుతగ్గుల్లో అంత తేడా ఊరికే కూడా రావచ్చు. కాబట్టి టైం వల్లే అని చెప్పడానికి లేదన్నారు. 2022లో వచ్చింది.

అదే ఏడు స్కాట్లాండ్‌లో, అబెర్డీన్‌లో ఇంకోటి. 30 మందే, కానీ తిండంతా పరిశోధకులే తయారుచేసి ఇచ్చారు. ఒక నాలుగు వారాలు రోజు తిండిలో 45 శాతం పొద్దున్న, 35 మధ్యాహ్నం, 20 రాత్రి. ఇంకో నాలుగు వారాలు దాన్ని తిరగేశారు. రెండిట్లోనూ మూడు కేజీల పైచిలుకు తగ్గారు, ఇంచుమించు సమానంగా. ఒంట్లో ఖర్చయిన శక్తిలోనూ తేడా రాలేదు. ఇక్కడిదాకా షెడ్డు గారి మాటే గెలిచింది.

ఇప్పుడు వదినగారి పక్షం. ఇజ్రాయెల్‌లో 93 మంది ఆడవాళ్ళకి రోజుకి 1400 కేలరీలు ఇచ్చి, సగం మందిని పొద్దున్న 700, మధ్యాహ్నం 500, రాత్రి 200 తినమన్నారు, మిగతావాళ్ళకి తలకిందులు. 12 వారాల్లో పొద్దున్న ఎక్కువ తిన్నవాళ్ళు 8.7 కేజీలు, రాత్రి ఎక్కువ తిన్నవాళ్ళు 3.6 కేజీలు తగ్గారు. స్పెయిన్‌లో 420 మందిని 20 వారాలు గమనిస్తే, మధ్యాహ్న భోజనం మూడు దాటాక చేసేవాళ్ళు తక్కువ తగ్గారు. తిన్నది ఇద్దరూ ఒకేలా చెప్పారు. రెండూ 2013లో వచ్చినవే.

మరి ఎందుకిలా? అబెర్డీన్‌లో తిండి చేతికిచ్చారు. ఇజ్రాయెల్‌లోనూ స్పెయిన్‌లోనూ జనం ఇళ్ళల్లో తిని, ఏం తిన్నామో వాళ్ళే చెప్పారు. అబెర్డీన్ లెక్కల్లో ఇంకో ముక్క ఉంది, నేను ముఖ్యమనుకునేది అదే. పొద్దున్న ఎక్కువ తిన్న వారాల్లో జనానికి ఆకలి తక్కువగా ఉంది. బోస్టన్‌లో 16 మందికి అదే తిండిని నాలుగు గంటలు ఆలస్యంగా పెట్టి చూస్తే ఆకలి పెరిగింది, ఒంట్లో ఖర్చు కూడా కాస్త తగ్గింది. ల్యాబులో ఆకలేస్తే చేసేదేం లేదు. ఇంట్లో ఆకలేస్తే వంటింట్లోకి నడుస్తాం. టైం బరువుని మార్చేది ఎక్కువగా ఆ దారినే అని నా అభిప్రాయం.

రావులపాలెం_గెల
మాస్టారూ, మీ పోస్టు చదివేసరికి నాకు ఆకలేసింది. టైం పదిన్నర.

గట్టుమీద_షెడ్డు
థాంక్సండి మాస్టారూ. వదినకి చదివి వినిపించాను. ఇజ్రాయెల్ దాకా విని లేచి వెళ్ళిపోయింది. మీరు చెప్పినట్టయితే నాకు రాత్రి ఆకలి విపరీతంగా ఉండాలి. పదకొండింటికి ఆకలి చచ్చిపోయి ఉంటుంది. అలవాటు కొద్దీ తింటాను.

నైట్_డ్యూటీ_సిస్టర్
ఆకలి చచ్చిపోయింది అంటున్నారంటే మధ్యలో ఏదో పడుతోంది. అయిదూ ఆరు మధ్య ఏం తింటారు?

గట్టుమీద_షెడ్డు
పెద్దగా ఏం లేదండి. సెంటర్‌లో టీ. ఒక్కోరోజు నాలుగు పునుగులు. అది కూడా యాప్‌లో రాస్తున్నాను.

రావులపాలెం_గెల
భీమవరం సైడ్ నాలుగు పునుగులతో లేచినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

నైట్_డ్యూటీ_సిస్టర్
టీలు ఎన్ని? నేను కాకినాడలో ఎన్నో ఏళ్ళుగా నైట్‌లు చేస్తున్నాను. మా వార్డులో లావెక్కిన ప్రతి ఒక్కరి సంగతీ టీ దగ్గరే తేలింది. చిన్న కప్పు పాల టీ, రెండు చెంచాల పంచదార అంటే దగ్గర దగ్గర 70 కేలరీలు. రాత్రంతా నిద్ర ఆపుకోవడానికి ఆరు తాగితే 400 దాటుతుంది. అది పెద్ద కంచం అన్నంతో సమానం, కానీ ఎవరూ దాన్ని తిండి అనుకోరు.

ఇంకో మాట. బరువు ఎప్పుడు చూసుకుంటున్నారు?

గట్టుమీద_షెడ్డు
పొద్దున్న ఆరింటికి, లేవగానే. టీలు ఒక నాలుగు. రాయడం లేదు, టీయే కదా అని.

నైట్_డ్యూటీ_సిస్టర్
పదకొండింటికి అన్నం, పప్పు, పెరుగు, ఆవకాయ తిని ఆరింటికి ముల్లు మీద నిలబడితే ఆ భోజనంలో కొంత ఇంకా లోపలే ఉంటుంది. ఉప్పు ఎక్కువైతే నీరు పడుతుంది. పిండిపదార్థాన్ని ఒళ్ళు గ్లైకోజన్ అనే నిల్వ చక్కెరగా దాచుకున్నప్పుడు ఒక గ్రాముకి మూడు గ్రాముల నీటిని కూడా పట్టి ఉంచుతుంది. అదే మనిషి ఏడింటికి తిని ఆరింటికి తూగితే అరకేజీ అటూ ఇటూ తక్కువే చూపిస్తుంది. కొవ్వు రవ్వంత కూడా మారకపోయినా సరే. "ఏడింటికి తినడం మొదలెట్టగానే తగ్గాను" అని చెప్పేవాళ్ళలో చాలామంది చూసేది ఈ అరకేజీనే. ఒక్కరోజు ముల్లు చూడకండి. వారం మొత్తం రాసి సగటు తీయండి, ఆ సగటుని ముందు వారం సగటుతో పోల్చండి. టేపు కూడా పెట్టుకోండి. మనవాళ్ళకి మగవాళ్ళ నడుము 90 సెంటీమీటర్లు దాటితే, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్త పడమంటారు.

కాలువకింద_పొలం
సిస్టరు గారు చెప్పేది వింటుంటే, మా చిన్నాన్న కొవ్వు కూడా ఆవకాయ నీరేనేమో అనిపిస్తోంది.

కొత్తబొండాం
ఇవన్నీ ఎందుకండీ. 16:8 చేయండి, అంటే పదహారు గంటలు ఉపవాసం, ఎనిమిది గంటల్లోనే తిండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా ఏదైనా తినచ్చు, లెక్కలక్కర్లేదు. మా బామ్మర్ది అమెరికాలో ఉంటాడు, వాడు చేసి సగమయ్యాడు.

లెక్కల_మాస్టారు_తణుకు
బామ్మర్ది ఉన్న దేశంలోనే 2020లో సరిగ్గా ఆ టైములు పెట్టి 116 మంది మీద 12 వారాలు చూశారు. లెక్కలు లేవు, పన్నెండు నుంచి ఎనిమిది దాకా తినడమే. తగ్గింది సగటున కేజీ లోపు. మామూలుగా మూడు పూటలా తిన్నవాళ్ళకీ వాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

కొత్తబొండాం
అయితే మా బామ్మర్ది అబద్ధాలకోరంటారా?

లెక్కల_మాస్టారు_తణుకు
అయ్యో, కాదండి. ఆయనకి పొద్దున్న టిఫినూ, రాత్రి తొమ్మిదింటి చిరుతిళ్ళూ మానేయడం వల్ల మొత్తం తిండి తగ్గి ఉంటుంది. అలా తగ్గే మనిషికి అది బాగా పనిచేస్తుంది. ఎనిమిది గంటల్లోనే పదహారు గంటల తిండి కుక్కేసే మనిషికి పనిచేయదు. మీరు ఏ రకమో మీకే తెలుస్తుంది.

రావులపాలెం_గెల
నేను రెండో రకం. చేసి చూశాను. ఏడూ యాభైకి పెరుగన్నం, ఏడూ యాభై అయిదుకి ఆత్రేయపురం పూతరేకు.

తాటిముంజె
పూతరేకు కాగితంలా ఉంటుంది, దాన్లో ఏముంటుందండీ.

నర్సాపురం_లేసు
దాన్లో ఏముంటుందా? రేకుకీ రేకుకీ మధ్య నెయ్యి, పంచదార. డ్రైఫ్రూట్ రకమైతే జీడిపప్పు కూడా. ఒట్టి బియ్యప్పిండి రేకు తినేవాళ్ళుంటే చెప్పండి, మా ఇంట్లో మిగిలినవి ఇస్తాను.

నా సంగతి చెబుతాను, ఇది పరీక్ష కాదు, ఒక్క మనిషి కథే. స్కూల్లో చెబుతాను. పొద్దున్న రెండు ఇడ్లీలు తిని పరిగెత్తేదాన్ని, నాలుగున్నరకి ఇంటికొచ్చేసరికి కళ్ళు తిరిగేవి. జంతికలు, కాజాలు, ఏది దొరికితే అది. రాత్రి మళ్ళీ మామూలు భోజనం. ఇప్పుడు పొద్దున్న పెసరట్టు, మధ్యాహ్నం క్యారేజీలో గుడ్డో పప్పో ఎక్కువ పెట్టుకుంటున్నాను. జంతికల డబ్బా మూత దానంతట అదే తెరుచుకోవడం మానేసింది. బరువు తగ్గింది. రాత్రి భోజనం ఇప్పటికీ తొమ్మిదిన్నరకే, పిల్లల ట్యూషన్లు అయ్యాకే. అంటే నాకు రాత్రి టైం మార్చకుండానే పని జరిగింది, పొద్దున్నది మార్చడం వల్ల.

జిమ్_జగ్గంపేట
అక్కా, పెసరట్టులో ఉప్మా ఉందా లేదా? దాన్ని బట్టి లెక్క మారిపోద్ది.

నర్సాపురం_లేసు
ఆదివారాలు ఉంటుంది. ఆ లెక్క అడక్కూడదు.

జిమ్_జగ్గంపేట
అక్క చెప్పిన దాంట్లో అసలు సంగతి ప్రోటీన్. తిన్న ప్రోటీన్‌ని అరిగించుకోవడానికే దాని కేలరీల్లో 20 నుంచి 30 శాతం ఖర్చయిపోతాయి. పిండిపదార్థానికి 5 నుంచి 10, కొవ్వుకి మహా అయితే 3. పైగా కడుపు నిండుగా ఉంటుంది. షెడ్డు అన్న యాప్‌లో రోజుకి ప్రోటీన్ ఎంత చూపిస్తోంది? ఓ రోజు లెక్క పెట్టన్నా ఇక్కడ.

గట్టుమీద_షెడ్డు
నిన్నటిది పెడుతున్నా.
పొద్దున్న ఇడ్లీ నాలుగు, కొబ్బరి చట్నీ: 300
మధ్యాహ్నం అన్నం, పప్పు, వంకాయ కూర, పెరుగు: 620
సాయంత్రం పునుగులు నాలుగు: 160
రాత్రి అన్నం, చేపల పులుసు, మజ్జిగ: 580
నూనె: రోజుకి ఒక చెంచా, 45
మొత్తం 1705. ప్రోటీన్ 50 చిల్లర.

నర్సాపురం_లేసు
నూనె ఒక చెంచానా??

రావులపాలెం_గెల
వంకాయ కూర గోదావరి జిల్లాలో వండారా, వేరే గ్రహంలో వండారా?

గట్టుమీద_షెడ్డు
ఎటకారాలొద్దు. మా ఆవిడ నూనె తక్కువే వేస్తుంది.

లెక్కల_మాస్టారు_తణుకు
కోపం వద్దు, ఒక్క ప్రశ్న. నెలకి ఇంట్లోకి నూనె ఎన్ని లీటర్లు వస్తుంది, ఎంతమంది తింటారు?

గట్టుమీద_షెడ్డు
నలుగురం. నాలుగు ప్యాకెట్లు, లీటరువి. పండగ నెల అయితే అయిదు.

లెక్కల_మాస్టారు_తణుకు
అంటే మనిషికి నెలకి ఒక లీటరు. రోజుకి 33 మిల్లీలీటర్లు, సుమారు 30 గ్రాములు. గ్రాముకి 9 చొప్పున 270 కేలరీలు. మీరు రాసింది 45. దీనికి నాలుగు టీలు కలపండి, సిస్టరు గారి లెక్కన 280. ఈ రెండే 500 తేడా. పునుగులూ చట్నీ సంగతి ఇంకా ముట్టుకోలేదు. మీ 1700 నిజానికి 2200 దగ్గర ఉంది. మీ ఎత్తుకీ బరువుకీ, పగలంతా గట్ల మీద తిరిగేవారికీ, 2200 అంటే 1700 తిన్నంత వేగంగా బరువు తగ్గదు.

ఇది మీ ఒక్కరికే కాదు. 1992లో న్యూయార్క్‌లో "ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదు" అని మొత్తుకునే పదిమందిని తీసుకుని, వాళ్ళు నిజంగా ఎంత తింటున్నారో వేరే పద్ధతిలో కొలిచారు. తిన్నదాంట్లో సగటున 47 శాతం వాళ్ళ లెక్కలోకే రాలేదు. అబద్ధం ఆడాలని కాదు, మనిషి అంచనా అలాగే ఉంటుంది.

గట్టుమీద_షెడ్డు
ఎకరానికి ఎన్ని కేజీల మేత పడిందో చిల్లరతో సహా రాసేవాణ్ణి నేను. నాకు నూనె లెక్క చెబుతున్నారు.

కాలువకింద_పొలం
అక్కడే ఉంది బాబూ తిరకాసు. చెరువులో మేత ఎక్కువైతే చెక్ ట్రేలో మిగిలి కనిపిస్తుంది, మర్నాడు తగ్గిస్తావు. నీ కంచంలో ఏనాడైనా మిగిలిందా?

రావులపాలెం_గెల
బాబాయ్ గారికి ఈ వారం ఒక గెల ఫ్రీ.

మెట్టప్రాంతం
నాకు అర్థం కాలేదు, ఇంట్లో వండిన పులుసుకి కేలరీలు ఎలా లెక్కపెడతారు? యాప్‌లో చేపల పులుసు అని కొడితే ఏదో ఒక అంకె వస్తుంది, అది ఎవరింటి పులుసు?

నర్సాపురం_లేసు
ఆ అంకె నమ్మకండి. నేను చేసేది చెబుతాను. గిన్నెలో వేసే ముందే చేప ముక్కలు తూచుతాను, నూనె చెంచాతో కొలుస్తాను. ఈ రెండూ రాస్తే చాలు, చింతపండు, ఉల్లిపాయ పెద్ద లెక్కలోకి రావు. గిన్నె మొత్తం కేలరీలు కట్టి ఇంట్లో నలుగురికీ పంచుతాను. అన్నానికైతే వండిన 100 గ్రాములకి 130 కేలరీలు గుర్తుపెట్టుకుంటే చాలు. బియ్యంగా తూచితే 100 గ్రాములకి 350 పైన. ఒకటి అనుకుని ఇంకోటి రాస్తే కొంప మునుగుతుంది, అది చాలామంది చేస్తారు. వస్తువు వారీగా కావాలంటే హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ పట్టికలు ఉన్నాయి, 2017లో కొత్తవి వేశారు. మన పప్పులూ ఆకుకూరలూ చేపలూ అందులో ఉంటాయి.

కొబ్బరి మాత్రం చూసుకోండి. 100 గ్రాముల పచ్చికొబ్బరి 350 కేలరీలు. కోనసీమలో చెట్టు ఇంటి వెనకే ఉంటుంది కాబట్టి చట్నీని ఎవరూ లెక్కలో వేయరు.

కొత్తబొండాం
బొండాం నీళ్ళ మీద పడకండి. అవి గ్లాసుడు తాగినా 50 కేలరీలే.

మెట్టప్రాంతం
థాంక్సండి. తక్కెడ కొనాలన్నమాట.

తాటిముంజె
మా అమ్మగారికి షుగర్. ఇక్కడి చర్చ చదివి రాత్రి భోజనం మానిపించి పొద్దున్నే ఎక్కువ పెడదామనుకుంటున్నాను. మంచిదేనా?

నైట్_డ్యూటీ_సిస్టర్
ఆగండి. ఏ మందులు వాడుతున్నారు? ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ ఉంటే, మందు వేసి భోజనం మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమకగా మాట్లాడటం, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. అర్ధరాత్రి అలా వచ్చినవాళ్ళని డ్యూటీలో చూస్తూనే ఉంటాను. ఒక్క మెట్‌ఫార్మిన్ అయితే ఆ భయం చాలా తక్కువ. అయినా ముందు డాక్టర్‌ని అడిగి, మందుల టైం కూడా మార్పించుకున్నాకే భోజనం టైం మార్చండి.

షుగర్ ఉన్నవాళ్ళకి టైంతో పని లేదని మాత్రం అనను. ఒకే భోజనం పొద్దున్న తిన్నప్పటి కంటే రాత్రి తిన్నప్పుడు షుగర్ ఎక్కువ పెరుగుతుంది, మామూలు మనుషుల్లో కూడా. చీకటి పడ్డాక ఒళ్ళు ఇన్సులిన్‌కి అంత బాగా స్పందించదు. కాబట్టి బరువు లెక్క వేరు, షుగర్ లెక్క వేరు. రాత్రి అన్నం తగ్గించి మధ్యాహ్నానికి మార్చడం వాళ్ళకి మంచిదే, డాక్టరుకి చెప్పి చేయండి.

తాటిముంజె
గ్లిమెపిరైడే అండి. మంచిదయింది అడిగాను. సోమవారం తీసుకెళ్తాను.

జిమ్_జగ్గంపేట
సరే ఒప్పుకున్నా, "అంతే" అనడానికి లేదు. షుగర్ వాళ్ళని వదిలేసి మాట్లాడుతున్నానని అనుకోండి.

గట్టుమీద_షెడ్డు
సిస్టర్ గారూ, మరి నేనేం చేయాలి? ఏడింటికి నేను చెరువు మీద ఉంటాను. రాత్రి చెరువు నీళ్ళలో డీఓ (ఆక్సిజన్) పడిపోతే, కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తాలి. ఒక్కోరోజు ఇంటికే రాను.

నైట్_డ్యూటీ_సిస్టర్
ఏడింటికి ఇంటికి రావక్కర్లేదు, భోజనం మీ దగ్గరికి రావచ్చు. మధ్యాహ్నం భోజనం పెద్దది చేయండి, కూరా పప్పూ ఎక్కువ, అన్నం అలాగే. సాయంత్రం ఏడు ఏడున్నరకి షెడ్డులోనే చిన్న క్యారేజీ. అన్నం కొంచెం, రెండు ఉడికించిన గుడ్లు, కూర, మజ్జిగ. ఆ టైముకి కడుపులో ఏదైనా పడితే పునుగుల బండి దగ్గర బండి ఆగదు. పదకొండింటికి ఇంటికి వచ్చాక ఆకలేస్తే మజ్జిగో గుప్పెడు వేయించిన శనగలో చాలు. రాత్రంతా మేలుకోవాల్సిన రోజు కూడా అర్ధరాత్రి దాటాక పెద్ద భోజనం పెట్టుకోకండి. బరువు కోసం చెప్పడం లేదు, నైట్ డ్యూటీలో మాకందరికీ గుండెల్లో మంట అక్కడే మొదలైంది. తిన్నాక రెండు మూడు గంటల దాకా పడుకోకూడదు, పదకొండింటికి తిని పన్నెండింటికి పడుకుంటే అది ఎలా కుదురుతుంది?

మందేమైనా అలవాటుందా? దాంట్లో గ్రాముకి 7 కేలరీలు.

గట్టుమీద_షెడ్డు
పట్టుబడి రోజు మాత్రమే, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు.

రావులపాలెం_గెల
రేటు పెరిగితే సంతోషానికి, తగ్గితే బాధకి.

గట్టుమీద_షెడ్డు
క్యారేజీ సంగతి మా ఆవిడకి చెప్పాను. ఏడింటికి తినమని నేను చెబితే వినలేదు గానీ ఎవరో సిస్టర్ చెబితే క్యారేజీ కట్టమంటావా అంటోంది. పైగా గెలిచింది వదినే అని ఇంట్లో ప్రచారం మొదలైంది. మాస్టారూ, ఎవరు గెలిచారో మీరే చెప్పండి.

లెక్కల_మాస్టారు_తణుకు
నూనె ప్యాకెట్టు గెలిచింది. నెల రోజులు ఇంటి నూనె మూడు లీటర్లకి తగ్గించి, టీలో పంచదార ఒక చెంచాకి తెచ్చి చూడండి. ఒక్క నూనెలోనే మీ వంతు రోజుకి దాదాపు 70 తగ్గుతుంది, టీల్లో ఇంకో 60 పైన. రెండూ కలిపి రోజుకి 130. కేజీ కొవ్వు అంటే దగ్గర దగ్గర 7700 కేలరీలు. నెలకి అరకేజీ, కంచంలో అన్నం మెతుకు తగ్గించకుండా. మిగతాది సిస్టర్ గారి క్యారేజీ చూసుకుంటుంది.

కాలువకింద_పొలం
మూడు లీటర్లతో వంకాయ కూర చేసుకోవడం కంటే లావుగా ఉండటమే నయం.

నర్సాపురం_లేసు
వంకాయని ముందు ఆవిరి మీద మగ్గబెట్టి, తర్వాత నూనె వేయండి బాబాయ్ గారూ. సగం సరిపోతుంది. ఎవరూ కనిపెట్టలేరు.

కాలువకింద_పొలం
మీ పిన్ని కనిపెడుతుంది.

కొత్తబొండాం
మధ్యలో వస్తున్నా. కార్తీకం ఉపవాసాలు ఉంటున్నాను ఈసారి, పగలు ఏమీ తినకుండా నక్షత్రం చూశాక ఒక్క పూట. దీన్ని కేలరీల్లో ఎలా రాయాలి? తగ్గుతానా?

జిమ్_జగ్గంపేట
ఆ ఒక్క పూటలో ఏం తింటావో రాయి అన్నా. ఉపవాసాన్ని రాయక్కర్లేదు.

కొత్తబొండాం
పులిహోర, గారెలు, పరమాన్నం. దేవుడికి నైవేద్యం పెట్టినవే.

లెక్కల_మాస్టారు_తణుకు
నెలంతానా, సోమవారాలేనా?

కొత్తబొండాం
సోమవారాలే. ఆదివారాలు వనభోజనాలున్నాయి.